ఇంజను ఆయిలు మార్పిడి వ్యవధి

ఇంజను ఆయిలు మార్పిడి వ్యవధి అనగా వాహనపు ఇంజనులోని కందెన నూనెను ఒకసారి మార్చిన తరువాత, మరల మార్చుటకు ముందు గడవదగిన దూరము లేక కాలము. దీనిని సాధారణముగా కిలోమీటర్లలోను, నెలలలోను కలిపి చెబుతారు. ఈ రెండింటిలో ఏది ముందుగా పూర్తయితే అప్పుడు ఆయిలు మార్చాలి. ట్రాక్టర్లు, జనరేటర్లు వంటి వాటికి ఇంజను నడిచిన గంటలలో చెబుతారు. అన్ని వాహనములకు వర్తించే ఒకే సంఖ్య లేదు. ఇంజను నిర్మాణము, ఆయిలు రకము, ఇంధనము, వాహనమును నడిపే తీరు అనే నాలుగు అంశములను బట్టి ఈ వ్యవధి మారుతుంది. ఆలస్యముగా మారిస్తే ఇంజను త్వరగా అరుగుతుంది. అవసరమునకు మించి తరచుగా మారిస్తే సొమ్ము, నూనె రెండూ వృథా అవుతాయి.

ఆయిలు పాడగుటకు కారణములు

ఇంజను ఆయిలు కదిలే లోహభాగముల మధ్య పలుచని పొరగా ఏర్పడి ఒరిపిడిని తగ్గిస్తుంది. అంతేగాక వేడిని తీసుకొనిపోతుంది, మసిని తనలో కలుపుకుంటుంది, తుప్పు పట్టకుండా కాపాడుతుంది. ఆయిలులో మూలనూనెతో పాటు ఈ పనులకొరకు కలిపిన రసాయనములు (సంకలితములు) ఉంటాయి. వాడుకలో అరిగిపోయేవి ముఖ్యముగా ఇవే. ఆయిలు పాడగుటకు ప్రధాన కారణములు:

* ఆక్సీకరణము: వేడి నూనె గాలిలోని ఆక్సిజనుతో చర్య జరిపి చిక్కబడి, చివరకు మడ్డిగా మారుతుంది. ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీల సెల్సియస్ పెరుగుదలకు ఈ చర్య వేగము సుమారు రెట్టింపు అవుతుందని స్థూలముగా లెక్కిస్తారు.
* ఆమ్లములు: ఇంధనము మండినపుడు ఆమ్ల పదార్థములు ఏర్పడతాయి. వీటిని తటస్థపరచుటకు ఆయిలులో క్షార పదార్థములు కలుపుతారు. ఆ క్షారము తరిగిన తరువాత ఆమ్లములు బేరింగులను తినివేస్తాయి.
* నీరు, ఇంధనము: ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు ఒక లీటరు నీరు ఆవిరి రూపములో పుడుతుంది. అందులో ఎక్కువ భాగము పొగగొట్టము ద్వారా పోయినా, కొంత పిస్టను రింగులను దాటి క్రిందికి దిగుతుంది. ఇంజను పూర్తిగా వేడెక్కితే ఈ నీరు, దానితో దిగిన ఇంధనము ఆవిరైపోతాయి. లేనిచో ఆయిలులోనే నిలిచిపోతాయి.
* మసి, దుమ్ము, లోహపు రజను: ఇవి ఫిల్టరులో కొంతవరకే ఆగుతాయి.

తయారీదారుని సూచన

వ్యవధిని నిర్ణయించుటకు మొదటి ఆధారము వాహనముతో ఇచ్చే సూచనల పుస్తకము. భారతదేశములో అమ్ముడవుతున్న అనేక పెట్రోలు కార్లకు 10,000 కిలోమీటర్లు లేదా ఒక సంవత్సరము అని ఇందులో ఉంటుంది. పాత కార్లలో చాలావాటికి 5,000 కిలోమీటర్ల వ్యవధి ఉండేది. ఆయిలు నాణ్యత, ఇంజను భాగముల తయారీలో కచ్చితత్వము, ఇంధనపు శుభ్రత పెరుగుటయే ఈ మార్పునకు కారణము. 2020 ఏప్రిల్ 1 నుండి అమలైన భారత్ స్టేజ్ 6 ప్రమాణము ప్రకారము ఇంధనములో గంధకము పది లక్షల భాగములలో 10 భాగములకు మించరాదు. గంధకము తగ్గినందున ఆమ్లములు కూడా తగ్గుతాయి.

వ్యవధితో పాటు ఏ ఆయిలు వాడవలెనో కూడా ఆ పుస్తకములో ఉంటుంది. ఇందులో చిక్కదనమును ఎస్.ఏ.ఇ. సంఖ్యతోను (ఉదా: 5డబ్ల్యు-30), నాణ్యతను ఏ.పి.ఐ. వంటి సంస్థల శ్రేణితోను తెలుపుతారు. పుస్తకములోని వ్యవధి ఆ ఆయిలుకు మాత్రమే వర్తిస్తుంది. తక్కువ శ్రేణి ఆయిలు పోసి అదే వ్యవధిని పాటించరాదు.

కఠిన పరిస్థితులు

చాలా పుస్తకములలో సాధారణ వ్యవధి ప్రక్కన "కఠిన వాడుక"కు వేరొక వ్యవధి ఉంటుంది. ఇది తరచుగా సాధారణ వ్యవధిలో సగము ఉంటుంది. ఈ క్రిందివి కఠిన పరిస్థితులుగా పరిగణింపబడతాయి:

* ఐదారు కిలోమీటర్లకు మించని ప్రయాణములు. ఇంజను వేడెక్కకముందే ఆగిపోవుట వలన నీరు, పెట్రోలు ఆయిలులోనే ఉండిపోతాయి.
* రద్దీలో ఆగుతూ సాగే ప్రయాణము. బండి నిలబడియున్నను ఇంజను తిరుగుతూనే ఉంటుంది, మీటరు మాత్రము కదలదు. కొందరు తయారీదారులు ఇట్లు నిలబడి నడిచిన ఒక గంటను సుమారు 40 కిలోమీటర్ల ప్రయాణముతో సమానముగా లెక్కిస్తారు.
* దుమ్ము ఎక్కువగా ఉండే మట్టిరోడ్లు, క్వారీలు, పొలములు.
* అధిక బరువు, ఘాట్ రోడ్లు, తీవ్రమైన ఎండ.

హైదరాబాదు, విజయవాడ వంటి నగరములలో పిల్లలను బడికి దింపుటకు, కూరగాయలకు మాత్రమే వాడే కారును యజమాని "తక్కువ నడిచిన బండి"గా భావించుట సహజము. నిజమునకు అది కఠిన వాడుకయే. నెలకు 300 కిలోమీటర్లు తిరిగే ఇటువంటి కారుకు 10,000 కిలోమీటర్లు పూర్తగుటకు 33 నెలలు పడుతుంది. అంతవరకు ఆగరాదు, సంవత్సరము పూర్తికాగానే మార్చాలి. దీనికి భిన్నముగా ప్రతిదినము జాతీయ రహదారిపై 60 కిలోమీటర్లు సమవేగముతో నడిచే కారు మీటరు త్వరగా తిరిగినను, దాని ఆయిలు మంచి స్థితిలో ఉంటుంది. దానికి సాధారణ వ్యవధి సరిపోతుంది.

3,000 మైళ్ళ నియమము

అమెరికాలో ప్రతి 3,000 మైళ్ళకు (సుమారు 4,800 కిలోమీటర్లు) లేదా మూడు నెలలకు ఆయిలు మార్చవలెననే నియమము చాలాకాలము ప్రచారములో ఉండేది. కన్స్యూమర్ రిపోర్ట్స్ అనే పత్రిక న్యూయార్కు నగరములోని 75 టాక్సీలపై జరిపిన పరీక్ష ఫలితములను 1996లో ప్రచురించినది. 3,000 మైళ్ళకు ఆయిలు మార్చిన ఇంజనులకు, 6,000 మైళ్ళకు మార్చిన ఇంజనులకు అరుగుదలలో గుర్తించదగిన తేడా కనబడలేదు. అయితే టాక్సీలు రోజంతా వేడిగా నడుస్తాయి, కనుక ఈ ఫలితము చిన్న ప్రయాణములు చేసే కార్లకు యథాతథముగా వర్తించదు.

3.5 లీటర్ల ఆయిలు పట్టే కారుకు లక్ష కిలోమీటర్లలో 5,000కు ఒకసారి మారిస్తే 70 లీటర్లు, 10,000కు ఒకసారి మారిస్తే 35 లీటర్లు ఖర్చవుతుంది.

రంగును బట్టి నిర్ణయించుట

ఆయిలు నల్లబడగానే మార్చాలనుట ఒక అపోహ. డీజిలు ఇంజనులో కొత్త ఆయిలు కొన్ని వందల కిలోమీటర్లకే నల్లబడుతుంది. మసిని పేరుకోనీయకుండా తనలో నిలుపుకొనుట దాని పని. సి.ఎన్.జి. ఆటోలో ఆయిలు చాలాకాలము తేటగా కనబడినను, అధిక వేడికి లోలోపల ఆక్సీకరణము చెందుతుంది. రంగులో నిజముగా ప్రమాదమును సూచించునది పాలవంటి తెలుపు. ఇది ఆయిలులో నీరు లేక కూలెంటు కలిసినదనుటకు గుర్తు.

ద్విచక్రవాహనములు, ట్రాక్టర్లు

చాలా మోటారు సైకిళ్ళలో ఇంజనుకు, గేర్లకు, క్లచ్చికి ఒకే ఆయిలు వాడుతారు. గేర్ల పళ్ళ మధ్య నలిగి ఆయిలు త్వరగా పలుచబడుతుంది. పైగా 100 సి.సి. బండిలో ఉండేది సుమారు ఒక లీటరు మాత్రమే. అందువలన వీటి వ్యవధి కార్లకంటె తరచుగా తక్కువ. క్లచ్చి జారకుండా ఉండుటకు జాసో ఎం.ఏ. లేదా ఎం.ఏ.2 గుర్తు గల ఆయిలు వాడాలి. కొత్త బండిలో మొదట్లో లోహపు రజను ఎక్కువగా వస్తుంది కనుక మొదటి సర్వీసులోనే ఆయిలు మారుస్తారు.

దమ్ము చేసే ట్రాక్టరు రోజంతా పనిచేసినను కొద్ది కిలోమీటర్లే తిరుగుతుంది. కనుక దానికి గంటల మీటరే ప్రమాణము. అనేక ట్రాక్టర్లకు 250 గంటల వ్యవధి సూచిస్తారు.

భారత్ స్టేజ్ 6 డీజిలు వాహనములు

ఈ వాహనములలో పొగలోని మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. పేరుకున్న మసిని కాల్చుటకు ఇంజను అదనముగా డీజిలును చిమ్ముతుంది. చిన్న ప్రయాణములలో ఈ ప్రక్రియ మధ్యలో ఆగిపోతూ ఉంటే డీజిలు కొంత ఆయిలులో కలిసి, ఆయిలు మట్టము పెరుగుతుంది. మట్టము పై గీతను దాటితే వ్యవధి పూర్తికాకున్నను వర్క్‌షాపులో చూపించి ఆయిలు మార్పించాలి. వీటికి తక్కువ బూడిద గల ఆయిలు మాత్రమే వాడాలి.

పరీక్ష, మట్టము

ఆయిలు నమూనాలోని ఇనుము, రాగి, సిలికాన్ వంటి మూలకములను కొలిచి ఇంజను స్థితిని తెలుసుకొను పద్ధతిని 1946లో డెన్వర్ అండ్ రియో గ్రాండే వెస్టర్న్ అనే అమెరికా రైల్వే సంస్థ తన డీజిలు ఇంజనులకు ఉపయోగించినది. సిలికాన్ పెరిగితే దుమ్ము లోపలికి పోతున్నదని అర్థము. పెద్ద ఇంజనులకు ఈ పరీక్ష లాభదాయకము. చిన్న వాహనములకు పరీక్ష ఖర్చు కంటె కొత్త ఆయిలు పోయుట మేలు. కొన్ని కార్లలో ఇంజను తిరిగిన చుట్లు, ఉష్ణోగ్రత ఆధారముగా మిగిలిన ఆయిలు జీవితమును లెక్కించి చూపే ఏర్పాటు ఉన్నది.

వ్యవధిని ఎంత కచ్చితముగా పాటించినను, మధ్యలో ఆయిలు తరిగిపోతే ఇంజను పాడవుతుంది. కనుక రెండు వారములకొకసారి బండిని సమతలముపై నిలిపి, ఇంజను ఆపిన కొద్దిసేపటికి డిప్‌స్టిక్‌తో (లేదా గాజు కిటికీలో) మట్టము చూడాలి. ఎర్రని ఆయిలు దీపము వెలుగుట సర్వీసు సమయమును కాక, ఆయిలు పీడనము పడిపోవుటను తెలుపుతుంది. అది వెలిగితే వెంటనే ఇంజను ఆపాలి.

పాత ఆయిలు

ఆయిలుతో పాటు ఫిల్టరును కూడా మార్చుట మంచిది. తీసిన ఆయిలును కాలువలో పోయరాదు. ఒక గాలను పాత ఆయిలు పది లక్షల గాలన్ల మంచినీటిని పాడుచేయగలదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ పేర్కొన్నది. గ్రామములలో చెదలు పట్టకుండా కలపకు, సెంట్రింగు పలకలకు దీనిని పూయుట వాడుకలో ఉన్నది గాని, ఇందులోని లోహములు, మసి చర్మమునకు హానికరము. భారతదేశములో 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమావళి పరిధిలోకి పాత ఆయిలు వస్తుంది. దీనిని అనుమతి పొందిన శుద్ధి కేంద్రములకు చేర్చాలి.

ఇవి కూడా చూడండి

* అంతర్దహన యంత్రము
* కందెన
* స్నిగ్ధత