కాలితో తన్నే బండికి బ్యాటరీ

మోటారు సైకిలు కొనేటప్పుడు రంగు మొదలు అద్దాల దాకా నలుగురినీ అడిగి మరీ చూసుకుంటాం. బ్యాటరీ దగ్గరి కొచ్చేసరికి మాత్రం దుకాణం వాడు చేతిలో పెట్టిందే ప్రసాదం! పైగా, కాలితో తన్ని లేపే బండికి ఏ బ్యాటరీ అయితేనేం అని చాలామంది అభిప్రాయం.

మా బావమరిదిదీ అదే వాదన. వాడి దగ్గర తండ్రినాటి బుల్లెట్టు ఉన్నది. రాత్రి షిఫ్టు ముగించుకుని దీపాల్లేని రోడ్డు మీద దానిమీదే ఇల్లు చేరాలి.

"తన్నేది నా కాలు. బ్యాటరీ చేసే పనేముంది బావా?" అన్నాడు.

"నీ కాలు ఇంజనును తిప్పుతుంది. మరి నిప్పురవ్వ ఎవరిస్తారు?" అన్నాను.

కిక్కు బళ్ళలో రెండు జాతులున్నాయి. 1985లో మన దేశంలో వచ్చిన యమహా ఆర్.ఎక్స్. 100 వంటివాటిలో ఇంజను తిరగటంలోనే నిప్పురవ్వ పుడుతుంది. బ్యాటరీ చచ్చినా బండి లేస్తుంది. హారను మాత్రం మూగబోతుంది. 1955 నుంచి మద్రాసులో తయారైన బుల్లెట్టుల్లో, కాంటాక్ట్ పాయింట్లున్న పాతవాటికి నిప్పురవ్వ బ్యాటరీ పుణ్యమే. అది నీరసిస్తే మనకు మిగిలేది మోకాలు నొప్పి!

ముందు వోల్టులు చూడాలి. పాత బళ్ళు కొన్ని 6, తరవాతవి 12. ఒక్కొక్క అర సుమారు 2 వోల్టులిస్తుంది. అంచేత మూడు మూతలుంటే 6, ఆరుంటే 12 అన్నమాట. ఇందులో సర్దుబాటు లేదు.

తరవాత ఆంపియర్ అవర్లు. సెల్ఫ్ మోటారు ఒక్క గుక్కలో బోలెడు కరెంటు తాగుతుంది. ఆ బెడద లేదు గనక 100 సి.సి. కిక్కు బండికి 2.5 సరిపోతుంది. కాని 12 వోల్టుల మీద 35 వాట్ల దీపం సుమారు 3 ఆంపియర్లు లాగుతుంది. ఇంజను ఆపి బ్యాటరీ మీద దీపం వెలిగిస్తే గంటైనా నిలవదు.

"అయితే అన్నిటికన్నా పెద్దది పెట్టేద్దాం," అన్నాడు వాడు.

చిన్న ఊటబావికి పెద్ద తొట్టి కడితే నిండేదెప్పుడు? సగం ఖాళీగా నెలల తరబడి ఉంటే పలకలమీద సీసపు సల్ఫేటు గట్టిపడి బ్యాటరీ పాడవుతుంది. తయారుచేసినవారు పుస్తకంలో చెప్పిన అంకెకు దగ్గరగా, పెట్టెలో సరిగా ఇమిడేదే మంచిది.

నీళ్ళ బ్యాటరీ చవక; డిస్టిల్డ్ వాటర్ చూసి పోస్తుండాలి. సీలు వేసినదానికి ఆ శ్రమ లేదు. లిథియంది బహు తేలిక. కాని పాత బండి రెగ్యులేటరు దానికి తగినట్టు చార్జి చెయ్యకపోతే ప్రమాదం.

కొనేముందు తయారీ తేదీ చూడండి. కొత్తదానికి మొదటి చార్జి నిదానంగా, అంటే 5 ఆంపియర్ అవర్లదైతే అర ఆంపియరు చొప్పున, పెట్టించండి. నిండిన 12 వోల్టుల బ్యాటరీ, కాసేపు కదల్చకుండా ఉంచి కొలిస్తే, సుమారు 12.6 చూపాలి.

ఈ శ్రద్ధంతా పిసినారితనం అనుకోకండి. చీకట్లో వెనక వచ్చే లారీవాడికి మనం ఉన్నామని చెప్పేది ఆ చిన్న ఎర్రదీపమే కదా!