వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లలో ఎజాక్స్ ట్యాగుల పరిధి: ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

వెబ్ పుట మొత్తాన్ని తిరిగి తెప్పించకుండా, అందులో ఒక భాగాన్ని మాత్రమే సర్వర్ నుంచి తెచ్చి మార్చే పద్ధతికి 2005లో జెస్సీ జేమ్స్ గారెట్ ‘ఎజాక్స్’ అని పేరు పెట్టాడు. పద్ధతి అంతకుముందే ఉన్నా, పేరు వచ్చాక ప్రచారం పెరిగింది. దానితో సర్వర్ వైపు ఫ్రేమ్‌వర్క్‌లను నిర్మించేవారికి ఒక ప్రశ్న ఎదురైంది. జావాస్క్రిప్ట్ రాయనక్కరలేకుండా ఆ పని చేసిపెట్టే ట్యాగులను ఫ్రేమ్‌వర్కే సమకూర్చాలా? సమకూర్చితే ఎంతవరకు? స్ట్రట్స్ 2, రూబీ ఆన్ రైల్స్, జావాసర్వర్ ఫేసెస్ ఇచ్చిన సమాధానాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

ట్యాగు వెనుక ఉన్నది

పుటను రాసేవారు వాడే సంక్షిప్త సంకేతమే ట్యాగు. సర్వర్ దానిని హెచ్‌టీఎంఎల్‌గా, అవసరమైతే జావాస్క్రిప్ట్‌గా విస్తరిస్తుంది. జిల్లాను ఎంచుకోగానే మండలాల జాబితా మారే దరఖాస్తు ఫారాన్ని ఒకటి రెండు ట్యాగులతో రాయవచ్చు. సౌలభ్యం స్పష్టమే. అయితే విస్తరించిన జావాస్క్రిప్ట్ సాధారణంగా ఏదో ఒక లైబ్రరీపై ఆధారపడుతుంది. చిక్కు అక్కడే మొదలవుతుంది.

స్ట్రట్స్ 2: ఇముడ్చుకున్న లైబ్రరీ

2007లో స్థిరరూపం పొందిన స్ట్రట్స్ 2.0, ‘ఎజాక్స్ థీమ్’ పేరుతో డోజో లైబ్రరీని తన ప్రధాన భాగంలోనే ఇముడ్చుకుంది. అదే ఏడాది డోజో 0.9 వెలువడింది. అది 0.4 శ్రేణికి కొనసాగింపు కాదు, తిరగరాసిన లైబ్రరీ. ట్యాగులు పాత డోజోను అనుసరించి రూపొందినవి కనుక స్ట్రట్స్ 0.4 శ్రేణి వద్దే నిలిచిపోయింది. 2.1లో వాటిని ప్రధాన భాగం నుంచి తీసి ప్రత్యేక ప్లగిన్‌గా మార్చారు. తర్వాత ఆ ప్లగిన్‌ను కూడా కొత్త పనులకు వాడదగనిదిగా ప్రకటించారు. ట్యాగులనే నమ్ముకున్న అనువర్తనాలకు రెండే దారులు మిగిలాయి: పాత లైబ్రరీతో కొనసాగడం, లేదా పుటలను తిరిగి రాసుకోవడం.

రైల్స్: గుర్తు వేరు, అమలు వేరు

తొలినాళ్లలో రైల్స్‌లోని ‘లింక్-టు-రిమోట్’ వంటి సహాయకాలు ప్రోటోటైప్ లైబ్రరీకి చెందిన కోడ్‌ను నేరుగా పుటలో చొప్పించేవి. 2010లో వచ్చిన 3.0 ఈ పద్ధతిని వదిలివేసింది. సర్వర్ లింకుపై ‘డేటా-రిమోట్’ అనే గుర్తును మాత్రమే ఉంచుతుంది. ఆ గుర్తును చూసి అభ్యర్థన పంపే బాధ్యత విడిగా ఉన్న చిన్న జావాస్క్రిప్ట్ ఫైలుది. జావాస్క్రిప్ట్ పనిచేయని చోట అది మామూలు లింకుగానే ఉంటుంది. 2011లో 3.1 జెక్వెరీని స్వీకరించినప్పుడూ, 2017లో 5.1 ఆ ఆధారాన్ని వదులుకున్నప్పుడూ మారినది ప్రధానంగా ఆ ఫైలే. గుర్తులు అలాగే నిలిచాయి.

జావాసర్వర్ ఫేసెస్: ఒకే ట్యాగు

2009 నాటి 2.0 ప్రమాణం మధ్యేమార్గాన్ని ఎంచుకుంది. అంతకుముందు వేర్వేరు సంస్థల ట్యాగు సంపుటులు ఎవరి పద్ధతిలో వారు ఎజాక్స్‌ను అందించేవి. ప్రమాణం ‘ఎఫ్-ఎజాక్స్’ అనే ఒక ట్యాగును చేర్చి, పుటలో ఏ భాగాన్ని సర్వర్ పరిశీలించాలో, ఏ భాగాన్ని తిరిగి చూపాలో చెప్పే వీలు కల్పించింది. దానికి అవసరమైన జావాస్క్రిప్ట్‌ను కూడా ప్రమాణమే నిర్వచించింది. క్యాలెండర్లు, వృక్షాకార జాబితాలు వంటి అలంకృత భాగాలను ప్రైమ్‌ఫేసెస్ వంటి బయటి లైబ్రరీలకు విడిచిపెట్టింది.

ఉపసంహారం

ఎన్ని ట్యాగులు ఉండాలన్నది అసలు ప్రశ్న కాదని ఈ మూడు అనుభవాలు సూచిస్తున్నాయి. ఫారం తనిఖీ, పంపవలసిన విలువలు, తిరిగి చూపవలసిన భాగం వంటివి సర్వర్‌కు తెలిసిన విషయాలు. వాటిని ట్యాగు చెప్పడం సమంజసం. బ్రౌజర్‌లో కనిపించే రూపం, కదలిక ఆయా లైబ్రరీలతో పాటు వేగంగా మారేవి. వాటిని ట్యాగులో బిగిస్తే ఫ్రేమ్‌వర్క్ పరుల కాలక్రమానికి లోబడవలసి వస్తుంది. ఈ పరిమితి వల్ల జావాస్క్రిప్ట్ నిపుణులు లేని చిన్న బృందాలకు కొంత శ్రమ పెరుగుతుందన్నది నిజం. ఆ శ్రమను తూచేందుకు ఒక కొలమానం ఉంది: ఆధార లైబ్రరీ రేపు నిలిచిపోతే ఎన్ని పుటలను తిరిగి రాయాలి? ఆ సంఖ్య ఎంత తక్కువైతే ట్యాగుల పరిధి అంత సరిగా నిర్ణయమైనట్లు.