బిల్లు లేని ‘హలో’!

విదేశంలో ఉన్నవాళ్లతో మాట్లాడాలంటే ఒకప్పుడు ముందు డబ్బులు లెక్కపెట్టుకోవాలి, ఆ తర్వాతే మాటలు. ఇప్పుడో... వీడియోకాల్‌ కలిపి ఫోన్‌ని పోపులడబ్బాకి ఆనించి, వంట పూర్తయ్యేదాకా కబుర్లు చెప్పుకోవచ్చు. ఇంటర్నెట్‌ ఫోన్‌ తెచ్చిన ఈ మార్పు వెనక ముప్ఫై ఏళ్ల కథ ఉంది. అయితే, ఆ చౌక మాట అందరికీ ఒకేసారి అందలేదు!

తొంభయ్యో దశకంలో ఐఎస్‌డీ కాల్‌ అంటే పెద్ద తతంగం. వీధి చివరి బూత్‌లో అద్దాల గది, లోపల గిర్రున మారిపోయే మీటరు అంకెలు. నిమిషానికి పదుల రూపాయలు. ‘బాగున్నావా... తిన్నావా... సరే, ఉంటా మరి’- అంతే సంభాషణ. అసలు చెప్పాలనుకున్న సంగతి బూత్‌ బయటికొచ్చాక గుర్తొచ్చేది.

కరీంనగర్‌, నిజామాబాద్‌ పల్లెల నుంచి గల్ఫ్‌ వెళ్లినవాళ్ల ఇళ్లలో మరో పద్ధతి ఉండేది. చెప్పాలనుకున్నదంతా క్యాసెట్‌లో రికార్డు చేసి, సెలవు మీద ఊరికి బయల్దేరేవాళ్ల చేతికిచ్చి పంపేవారు. ఇంటిల్లిపాదీ టేప్‌రికార్డరు చుట్టూ కూర్చుని వినేవాళ్లు. జవాబు చేరాలంటే మళ్లీ ఎవరో ఒకరు అటు వెళ్లేదాకా ఆగాల్సిందే.

ముక్కలై వెళ్లే మాట

మామూలు ల్యాండ్‌లైన్‌లో నంబరు కలిస్తే ఇద్దరి మధ్యా ఒక దారి ఏర్పడుతుంది. మాట్లాడినా, మౌనంగా ఉన్నా ఫోన్‌ పెట్టేసేదాకా ఆ దారి వాళ్లదే. ఎంత దూరం, ఎంతసేపు అన్నదాన్ని బట్టి బిల్లు పడుతుంది.

ఇంటర్నెట్‌ది వేరే పద్ధతి. గొంతుని అంకెల్లోకి మార్చి చిన్న చిన్న ముక్కలు చేస్తుంది. ఒక్కో ముక్కలో ఉండేది సాధారణంగా సెకనులో యాభయ్యో వంతు మాటే! ప్రతి ముక్కకీ చిరునామా తగిలిస్తుంది. ఈమెయిళ్లూ ఫొటోలూ వెళ్లే దారిలోనే అవీ వెళ్తాయి. అవతల వాటిని వరుసలో పేర్చుకుంటే మళ్లీ గొంతు వినిపిస్తుంది. పాత డిజిటల్‌ ఎక్స్ఛేంజీల్లో ఒక గొంతుకి సెకనుకి 64 కిలోబిట్లు కేటాయించేవారు. కుదించే పద్ధతులు వచ్చాక 8 కిలోబిట్లతోనూ పని జరుగుతోంది. నెట్‌కి ఎలాగూ డబ్బు కడుతున్నప్పుడు మాటకి వేరే బిల్లెందుకు? మొత్తం వ్యాపారాన్ని తలకిందులు చేసిన ప్రశ్న ఇదే.

ఎస్తోనియా మలుపు

1995లో ఇజ్రాయెల్‌కి చెందిన వోకల్‌టెక్‌ సంస్థ ‘ఇంటర్నెట్‌ ఫోన్‌’ అనే సాఫ్ట్‌వేర్‌ని అమ్మకానికి పెట్టింది. ఇద్దరి దగ్గరా కంప్యూటరు, మైకు, స్పీకర్లు ఉండాలి. మొదట్లో ఒకరు మాట్లాడుతుంటే రెండోవారు ఆగాలి కూడా!

అసలు ఊపు 2003 ఆగస్టులో స్కైప్‌తో వచ్చింది. స్వీడన్‌కి చెందిన నిక్లాస్‌ జెన్‌స్ట్రోమ్‌, డెన్మార్క్‌ వాసి యానుస్‌ ఫ్రీస్‌ దాని వ్యవస్థాపకులు. ప్రోగ్రామ్‌ రాసింది ఎస్తోనియా ఇంజినీర్లు. కాల్స్‌ని కలపడానికి వాడకందార్ల కంప్యూటర్లనే ఉపయోగించుకోవడం స్కైప్‌ కిటుకు. దాంతో కంపెనీకి సర్వర్ల ఖర్చు తగ్గింది, వాడేవాళ్లకి కాల్‌ ఉచితమైంది. మామూలు ఫోన్లకి చేస్తేనే రుసుము. 2005లో ఈబే సుమారు 260 కోట్ల డాలర్లకి దాన్ని కొంది. 2011లో మైక్రోసాఫ్ట్‌ ఏకంగా 850 కోట్ల డాలర్లు పెట్టింది. టెలిజియోగ్రఫీ సంస్థ అంచనా ప్రకారం 2013లో స్కైప్‌లో జరిగిన అంతర్జాతీయ సంభాషణలు 21,400 కోట్ల నిమిషాలు. అదే ఏడాది మామూలు అంతర్జాతీయ కాల్స్‌ 54,700 కోట్ల నిమిషాలు. ఒక్క కంపెనీ పదేళ్లలో సాధించిన వాటా అది!

ముందు అమెరికా... తర్వాత గల్ఫ్‌

మనదేశంలో 2002 ఏప్రిల్‌ ఒకటిన ఇంటర్నెట్‌ టెలిఫోనీకి అనుమతి లభించింది. కంప్యూటర్‌ నుంచి కంప్యూటర్‌కి, విదేశాల్లోని ఫోన్లకి మాట్లాడొచ్చు. దేశంలోని ఫోన్లకి మాత్రం కుదరదన్నారు. అయినా సాఫ్ట్‌వేర్‌ ఉద్యోగుల తల్లిదండ్రులకి అదే పదివేలు. ఇంట్లో కంప్యూటరు కొనడానికి అమెరికాలోని మనవణ్ని చూడటమే పెద్ద కారణమైంది. కంప్యూటరు లేనివాళ్లు నెట్‌సెంటర్‌కి వెళ్లి హెడ్‌ఫోన్స్‌ తగిలించుకునేవారు.

గల్ఫ్‌లో కూలిపని చేసే వ్యక్తికి గానీ, ఊళ్లో ఉన్న అతని భార్యకి గానీ కంప్యూటరెక్కడిది? వాళ్లకి ఆ దారి తెరిచింది చౌక స్మార్ట్‌ఫోనే. 2015లో వాట్సప్‌ వాయిస్‌కాల్స్‌, 2016 నవంబరులో వీడియోకాల్స్‌ తెచ్చింది. అదే ఏడాది సెప్టెంబరు 5న జియో రంగంలోకి దిగడంతో డేటా ధరలు కుప్పకూలాయి. 4జీతో మొదలైన ఆ నెట్‌వర్క్‌లో మామూలు ఫోన్‌కాల్‌ కూడా డేటా ముక్కలుగానే వెళ్తుంది.

ఇంతా అయ్యాక గల్ఫ్‌లో మరో తాళం! అక్కడి టెలికాం సంస్థలకి ఐఎస్‌డీ కాల్స్‌ మంచి ఆదాయం. సౌదీ అరేబియా 2017 సెప్టెంబరులో నెట్‌కాల్స్‌ మీద నిషేధం ఎత్తేసింది. యూఏఈ మాత్రం ఏళ్ల తరబడి వాట్సప్‌ కాల్స్‌ని అడ్డుకుంటూ, అనుమతి ఉన్న బాటిమ్‌ లాంటి యాప్‌లకి నెలవారీ ప్యాకేజీలు పెట్టింది. సాఫ్ట్‌వేర్‌ ఇంజినీరుకి ఉచితంగా దొరికిన మాట, తక్కువ జీతగాడికి కొనుక్కుంటేనే దొరికిందన్నమాట.

చౌకే... కానీ జాగ్రత్త!

మాట చౌకయ్యేసరికి మోసమూ చౌకైంది. విదేశంలో కూర్చుని, ఇక్కడి నంబరు కనిపించేలా ఫోన్‌ చేయడం నెట్‌ఫోన్‌తో తేలిక. 2024 అక్టోబరులో కేంద్రం అలాంటి కాల్స్‌ని అడ్డుకునే వ్యవస్థని మొదలుపెడితే, తొలి 24 గంటల్లోనే 1.35 కోట్ల దొంగ కాల్స్‌ దొరికాయి! పోలీసులమంటూ వీడియోకాల్‌లో బెదిరించే ‘డిజిటల్‌ అరెస్టు’ల వెనకా ఈ సదుపాయమే ఉంది. అలాంటి అరెస్టు మన చట్టంలోనే లేదు. డబ్బు పోగొట్టుకుంటే వెంటనే 1930కి ఫోన్‌ చేయాలి.

మరో విషయం. పాత ల్యాండ్‌లైన్‌కి కరెంటు ఎక్స్ఛేంజీ నుంచే వచ్చేది, ఇంట్లో కరెంటు పోయినా మోగేది. ఇంట్లో వై-ఫై మీద నడిచే ఫోన్‌కి ఆ ధీమా లేదు. వాట్సప్‌ నుంచి అత్యవసర నంబర్లకి కాల్‌ వెళ్లదు. అందుకే 112కి మామూలు కాలే చేయాలని ఇంట్లో పెద్దలకీ పిల్లలకీ చెప్పి ఉంచడం మంచిది.

ఇంత చరిత్ర సృష్టించిన స్కైప్‌ 2025 మే 5న మూతపడింది. అది అలవాటు చేసిన మాట మాత్రం ఆగలేదు. ఎడారిలో డ్యూటీ ముగించుకున్న మనిషి ఇంట్లోవాళ్లు నిద్రపోయే వేళ అని కాల్‌ చేయడు. వాట్సప్‌లో వాయిస్‌ మెసేజ్‌ పెడతాడు. తెల్లవారాక ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి వింటారు. ఒకరకంగా అది నాటి క్యాసెట్టే... కాకపోతే ఊరికి వెళ్లేవాళ్ల కోసం ఎదురుచూడక్కర్లేదు!