వడపోత ముందా, కొలత ముందా?

కమ్యూనికేషన్ సిస్టమ్స్, సిగ్నల్ ప్రాసెసింగ్ ప్రయోగశాలలో విద్యార్థులు చేసే తొలి ప్రయోగాలలో శాంప్లింగ్ ఒకటి. సంకేతంలోని గరిష్ఠ పౌనఃపున్యానికి రెట్టింపు కన్నా ఎక్కువ వేగంతో నమూనాలు తీసుకుంటే, వాటినుంచి మూల సంకేతాన్ని పూర్తిగా తిరిగి పొందవచ్చునన్నది సిద్ధాంతం. 1928లో హ్యారీ నైక్విస్ట్ రాసిన పత్రంలో దీని బీజముంది. 1949లో క్లాడ్ షానన్ దానికి స్పష్టమైన గణితరూపమిచ్చాడు.

ఈ నియమాన్ని ఉల్లంఘిస్తే ఏమవుతుందో ప్రయోగశాలలో చెవికే తెలుస్తుంది. సెకనుకు 8000 నమూనాలు తీసే సర్క్యూట్‌కు ఫంక్షన్ జనరేటర్ నుంచి స్వరాన్ని పంపి, దాని పౌనఃపున్యాన్ని పెంచుతూ పోతే, 4 కిలోహెర్ట్జ్ వరకు స్పీకరులో శ్రుతి పెరుగుతుంది. ఆపైన మీట పైకి తిప్పుతున్నా శ్రుతి దిగుతుంది. 7 కిలోహెర్ట్జ్ స్వరం 1 కిలోహెర్ట్జ్‌గా వినిపిస్తుంది. రెండు నమూనాల మధ్య ఆ తరంగం ఎనిమిదింట ఏడు వంతుల ఆవర్తనం ముందుకు నడుస్తుంది. చూసేవారికి అది ఒక వంతు వెనక్కి నడిచినట్టే ఉంటుంది. సినిమాలో బండిచక్రం వెనక్కి తిరుగుతున్నట్టు కనిపించడం ఇలాంటిదే. దీన్నే ఏలియాసింగ్ అంటారు.

ఈ దొంగస్వరాన్ని కంప్యూటర్లో తొలగించవచ్చు కదా అనిపిస్తుంది. కాని నమూనాలుగా మారాక అసలు 1 కిలోహెర్ట్జ్‌కూ దీనికీ తేడా చూపే ఆధారం మిగలదు. అందుకే వడపోత కొలతకు ముందే జరగాలి.

సంప్రదాయ టెలిఫోన్ వ్యవస్థ చేసినది ఇదే. మాటలో సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకు మాత్రమే ఉంచి, సెకనుకు 8000 నమూనాలు, ఒక్కొక్కటి 8 బిట్లు, మొత్తం 64,000 బిట్లుగా పంపింది. ‘స’కార ధ్వనిశక్తిలో అధికభాగం 4 కిలోహెర్ట్జ్ పైనే ఉంటుంది కనుక అది ఆ వడపోతలో పోయింది. ఫోనులో ఇంటిపేరు చెప్పేటప్పుడు ‘ఎస్’, ‘ఎఫ్’ తారుమారు కావడానికి ఇదొక కారణం.

ఇలాంటి ప్రయోగాలను నేడు పూర్తిగా సాఫ్ట్‌వేర్‌లోనే చేయించవచ్చు. అయితే అక్కడ సంకేతం మొదటినుంచీ అంకెలే. విద్యార్థి తాను రాయని పౌనఃపున్యం అందులోకి చొరబడదు. నిజమైన తీగలోకి అనుకోని రొద కూడా వస్తుంది. ఒకసారి కలిసిపోయినదాన్ని తరువాత ఏ ప్రోగ్రామూ విడదీయలేదన్న ఎరుక, ఆ రొదను చెవులారా విన్నప్పుడే బలపడుతుంది.