రక్షణ పేరుతో వచ్చే సైన్యం: నిజాం కథ, రష్యా కథ

ఇవాళ పాతబస్తీలో చౌమహల్లా ప్యాలెస్ ముందు నిలబడి మాట్లాడుతున్నా. "అన్నా, రష్యా అంటే పక్క దేశాలకు అంత భయం ఎందుకు?" అని చాలామంది అడిగారు. ఆన్సర్‌కి దారి మన హైదరాబాద్ హిస్టరీలోనే ఉంది.

1798లో రెండో నిజాం అలీ ఖాన్ ఈస్టిండియా కంపెనీతో ఒప్పందం చేసుకున్నాడు. సైన్యం వాళ్లది, ఖర్చు మనది. 1800 వచ్చేసరికి ఆ ఖర్చు కింద బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలే ఇచ్చేయాల్సి వచ్చింది. కంపెనీని అడక్కుండా వేరే రాజ్యాలతో మాట్లాడే హక్కు కూడా పోయింది.

ఇప్పుడు జార్జియా చూడండి. 1783లో అక్కడి రాజు రెండో ఎరెక్లే రష్యా రక్షణ కోరి, విదేశీ వ్యవహారాలు వాళ్ల చేతిలో పెట్టాడు. 1795లో పర్షియా సైన్యం రాజధాని టిబిలిసిని తగలబెట్టినప్పుడు రష్యా సాయం అందలేదు. 1801లో మాత్రం ఆ రాజ్యాన్నే రష్యా కలిపేసుకుంది. క్రిమియాను కలుపుకున్నది కూడా 1783లోనే.

2008లో జార్జియాలోకి, 2014లో క్రిమియాలోకి సైన్యం వెళ్లినప్పుడు రష్యా చెప్పింది కూడా అదే: అక్కడి జనాన్ని కాపాడటానికి అని. పక్క దేశాలకి ఆ మాట పాతదే.

హిస్టరీ తెలిసినంత మాత్రాన యుద్ధం కరెక్ట్ అయిపోదు. కానీ న్యూస్‌లో "రక్షణ" అని వినపడగానే రెండు ప్రశ్నలు అడగండి. ఖర్చు ఎవరిది? పొమ్మంటే పోతారా?