ఖాకీ ఆకుపచ్చ: యుద్ధకాలపు బ్రిటిష్ సైనిక వాహనాల రంగులు, వాటి పేర్లు

పారసీకంలో ‘ఖాక్’ అంటే మట్టి, ధూళి. 19వ శతాబ్ది మధ్యలో పెషావరు ప్రాంతపు గైడ్స్ దళం ధరించిన మట్టిరంగు దుస్తులతో ‘ఖాకీ’ ఇంగ్లీషు సైనిక పరిభాషలో చేరింది. హైదరాబాద్ కాంటింజెంట్ దళాలు విడిసిన సికింద్రాబాదు బొల్లారంలోనైనా, సంగారెడ్డి వైపు పరిశ్రమల బొల్లారంలోనైనా నేడు ఖాకీ అంటే ముందుగా పోలీసు దుస్తులే స్ఫురిస్తాయి. రెండవ ప్రపంచ యుద్ధం తొలి సంవత్సరాల్లో బ్రిటిష్ సైనిక లారీలకు వేసిన రంగు పేరు మాత్రం ‘ఖాకీ గ్రీన్ 3’. ధూళి పేరు ఆకుపచ్చకు అంటుకుంది! అప్పటికి ఖాకీ ఒక వర్ణాన్ని కాక, సైన్యానికి చెందినదన్న గుర్తింపును సూచించే మాటగా మారిందనుకోవాలి.

వాహనం పైభాగం ఆకాశపు వెలుగుకు మెరుస్తుంది, అడుగుభాగం నీడలో ఉంటుంది. ఈ తేడాయే విమానం నుంచి చూసేవాడికి లారీని పట్టిస్తుంది. అందుకే పైభాగాలకు ముదురు రంగు వేయాలని 1941 నాటి శిక్షణ పుస్తిక సూచించింది. అంచుల రేఖ విరిగేలా మచ్చలు కూడా వేశారు.

ఏ రంగు వేయాలన్నది మాత్రం ప్రకృతి ఒక్కటే నిర్ణయించలేదు. ఆకుపచ్చకు కావలసిన క్రోమియం ఆక్సైడు కొరతైంది. దానితో 1942 నాటికి ‘ఎస్.సి.సి. 2’ అనే గోధుమరంగు ప్రధానమైంది. దానిపై ముదురు గోధుమ లేదా నలుపు మచ్చలు వేసేవారు. అమెరికా నుంచి వచ్చే వాహనాలు ఆలివ్ రంగులో ఉండటంతో, వాటికి మళ్లీ రంగు వేసే శ్రమ తప్పించడానికి 1944లో ‘ఎస్.సి.సి. 15’ అనే ఆలివ్ ఆకుపచ్చను స్వీకరించారు. పాత బండ్లన్నీ ఒక్కసారిగా మారలేదు. ఆ వేసవి నార్మండీలో గోధుమ, ఆకుపచ్చ వాహనాలు కలిసే నడిచాయి. కాబట్టి ఆనాటి పత్రాలలోని ‘ఖాకీ’ని తెలుగులో అలాగే ఉంచితే చాలదు. సంవత్సరాన్ని బట్టి అది ఏ వర్ణమో అనువాదకుడు చెప్పవలసి ఉంటుంది.

పైకప్పు కాన్వాస్ సంగతి ఇంకా చిక్కైనది. నమూనా చిత్రాల్లో మచ్చలు రేకుపై ఆగక గుడ్డమీదికీ సాగుతాయి. రంగును గుడ్డ పీల్చుకుంటుంది, ఎండకు వెలుస్తుంది. రేకు అలా కాదు. ఒకే డబ్బాలోని రంగు వేసినా, కొన్నాళ్లకు లారీ ఒక రంగులోనూ దాని కప్పు మరో రంగులోనూ కనబడుతుంది.