లెక్కకు అందని బిడ్డలు

ఒక ఊళ్ళో ఏడాదికి ఎంతమంది పిల్లలు పుట్టారని అడిగితే, రిజిస్టరు తీసి చూడండి, తెలిసిపోతుంది అంటారు. రాయించుకున్నవాళ్ళ సంగతి తెలుస్తుంది, సరే. రాయించుకోనివాళ్ళ మాటేమిటి? ఎవరికీ కనిపించని బిడ్డని లెక్కపెట్టేదెలా? ఈ చిక్కుముడి విప్పే పద్ధతిని మన దేశంలోనే, కలకత్తా దగ్గర సింగూరులో పరీక్షించి చూశారు. కూర్చోండి, చెబుతాను.

అది 1947. సి. చంద్రశేఖరన్ అని మన గణాంక శాస్త్రజ్ఞుడు. ఆయనకి తోడు అమెరికా నుంచి వచ్చిన ఎడ్వర్డ్స్ డెమింగ్. తర్వాతి రోజుల్లో జపాను ఫ్యాక్టరీలకి నాణ్యత పాఠాలు చెప్పిన డెమింగ్ ఈయనే. సింగూరు ఆరోగ్య కేంద్రం కింది ఊళ్ళలో ఇంటింటికీ తిరిగి రాసిన జనన మరణాల జాబితాని, రిజిస్టర్లో ఉన్న జాబితాతో పేరు పేరునా పోల్చి చూశారు.

పెన్సిలూ కాగితమూ తీసుకోండి. రిజిస్టర్లో 60 కాన్పులు ఉన్నాయనుకుందాం. ఇంటింటికీ తిరిగినవాళ్ళు 50 రాసుకొచ్చారు. రెండింట్లోనూ ఉన్నవి 40. ఇంటింటికీ తిరిగి పట్టుకున్న 50లో రిజిస్టరుకి అందినవి 40, అంటే నూటికి 80. రిజిస్టరు నూటికి 80 మాత్రమే పట్టుకోగలదంటే, అందులో ఉన్న 60 కూడా మొత్తంలో నూటికి 80 వంతులే కావాలి. అప్పుడు ఊళ్ళో కాన్పులు 75. రెండు జాబితాలూ కలిపి, ఒకే పేరు రెండుసార్లు రాకుండా చూసుకుంటే దొరికేవి 70. మిగిలిన ఐదుగురు బిడ్డలూ ఎవరి కంటా పడలేదు. పేరు తెలియదు, ఇల్లు తెలియదు, అయినా ఉన్నారని లెక్క చెబుతోంది! ఎప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్ళు పులకరిస్తుంది. 1949లో ఆ ఇద్దరూ ఈ పద్ధతిని వ్యాసంగా అచ్చువేశారు.

ఒక షరతు ఉంది. రిజిస్టరు రాసేవాళ్ళూ, ఇంటింటికీ తిరిగేవాళ్ళూ ఎవరి పని వారు చేయాలి, ఒకరి పుస్తకం ఒకరు చూడకూడదు. ఇద్దరూ ఒకే గుమ్మాన్ని వదిలేస్తే లెక్క తప్పుతుంది. ఊరి చివరి గుడిసె, వలస కూలీల డేరా అలాంటివి. ఆ ఐదుగురు పదిమంది అయినా ఆశ్చర్యం లేదు.

ఈ రెండు చూపుల ఆలోచనే ఇవాళ మన నమూనా నమోదు పథకానికి పునాది. ఎస్.ఆర్.ఎస్. అంటారు. 1969-70 నుంచి దేశమంతటా నడుస్తోంది. సుమారు 8,800 నమూనా ప్రాంతాలు, వాటిలో 80 లక్షల పైచిలుకు జనం. ఆ ఊళ్ళోనే ఉండే టీచరో, అంగన్‌వాడీ కార్యకర్తో ఏడాది పొడుగునా జననాలూ మరణాలూ రాస్తుంటారు. ఆరు నెలలకోసారి వేరే సూపర్‌వైజరు వచ్చి, ఆ పుస్తకం చూడకుండా మళ్ళీ ఇంటింటికీ తిరుగుతాడు. తర్వాత రెండూ సరిపోలుస్తారు. ఇక్కడ సూత్రంతో ఊరుకోరు. సరిపోలని ప్రతి పేరు కోసమూ మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళి నిజం తేల్చుకుంటారు.

ఈ లెక్కలో ఇంకో చిక్కు ఉంది. మన ఇళ్ళలో తొలికాన్పు పుట్టింట్లో కదా. అమ్మాయి ఏడోనెలలో అమ్మగారింటికి వెళుతుంది, బిడ్డని ఎత్తుకుని ఎన్నో నెలకో తిరిగొస్తుంది. ఆ బిడ్డ ఏ ఊరి లెక్క? రెండు ఊళ్ళలోనూ రాస్తే ఇద్దరవుతారు, రెండుచోట్లా వదిలేస్తే మాయమవుతుంది. అందుకే తల్లి మామూలుగా ఎక్కడ కాపురముంటుందో ఆ ఊరి లెక్కలోనే రాయాలని నియమం. గర్భిణుల జాబితా కూడా వేరే ఉంచుతారు. పుట్టిన రెండు రోజులకే పోయిన బిడ్డ గురించి ఏ ఇల్లూ తనంత తాను చెప్పదు. జాబితాలో పేరు ఉండబట్టి, ఆ అమ్మాయికి ఏమైందని అడిగి తెలుసుకుంటారు.

ఇక తల్లుల మరణాలు. గర్భంతో ఉండగా గాని, కాన్పయిన 42 రోజుల్లోపు గాని, దానికి సంబంధించిన కారణంతో పోయినవాళ్ళని ప్రాణంతో పుట్టిన లక్ష మంది బిడ్డలకి ఇంతమంది అని చెబుతారు. అన్నం ఉడికిందా అని చూడటానికి ఒక మెతుకు చాలు. బియ్యంలో రాయి ఉందా అని చూడాలంటే చేటెడు బియ్యమూ చెరగాలి. తల్లి మరణం అంత అరుదు. ఎస్.ఆర్.ఎస్. నమూనాలో ఏటా లక్షన్నర కాన్పులయితే, తల్లుల మరణాలు దేశం మొత్తానికి నూటయాభై దాకా ఉంటాయి. ఒక్క రాష్ట్రానికి విడదీస్తే వేళ్ళ మీద లెక్క. అందుకే మూడేళ్ళవి కలిపి ఇస్తారు. దేశం సంఖ్య 2014-16లో 130, 2018-20లో 97. ఇదే కాలంలో ఆంధ్రప్రదేశ్ 74 నుంచి 45కి, తెలంగాణ 81 నుంచి 43కి దిగాయి. 2018-20లో కేరళ 19లో ఉంది. మనం సంతోషించాలి, కేరళని చూసి ఇంకా నడవాలి.

సంతోషించమన్న ఆ అంకెల పక్కనే నిలదీసే అంకెలూ ఉన్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. దేశంలో నూటికి 21.5 కాన్పులు ఆపరేషన్లు. ఆంధ్రలో 42.4, తెలంగాణలో 60.7. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రులు మాత్రమే తీసుకుంటే 81.5! అవసరమైన చోట సిజేరియన్ రెండు ప్రాణాలు నిలబెడుతుంది, అందులో అనుమానం లేదు. కాని జనాభా మొత్తంలో పది శాతం దాటాక, పెంచినకొద్దీ మరణాలు తగ్గుతాయనడానికి ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పుడో చెప్పింది. నూటికి ఎనభైమంది తల్లులకి కత్తి తప్పలేదంటే నేను నమ్మను.

అంకెలని చదవడంలోనూ జాగ్రత్త కావాలి. పుట్టిన బిడ్డల బరువుల పట్టికలో 2,500 గ్రాముల దగ్గర ఒక్కసారిగా కుప్ప పడుతుంది. ప్రకృతి అలా తూచదు, రాసే చెయ్యి సరిచేసి రాస్తుంది. 2,500కి లోపు ఉంటేనే తక్కువ బరువు బిడ్డ. 2,440 ఉన్న పాపని 2,500 అని రాస్తే, తల్లి గుండెకి హత్తుకుని ఉంచే కంగారూ సంరక్షణ అందవలసిన పసిగుడ్డు ఆరోగ్యవంతుల వరుసలోకి పోతుంది.

ఆ కుటుంబ ఆరోగ్య సర్వేలో మీ జిల్లా పత్రం ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, కొద్ది పేజీల్లోనే చూడవలసినవన్నీ ఉన్నాయి, ఒకసారి తీసి చదవండి. సర్వేవాళ్ళు గుమ్మంలోకి వస్తే విసుక్కోకుండా కూర్చోబెట్టి నిజం చెప్పండి. బిడ్డ పుట్టిన 21 రోజుల్లోపు నమోదు చేయించండి, ఆ గడువులో రుసుము లేదు. కడుపులోనే పోయిన బిడ్డ అయినా, పుట్టి ఒక గంట బతికిన బిడ్డ అయినా తప్పకుండా రాయించండి. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం వాళ్ళనీ నమోదు చేయమనే చెబుతోంది.